మడుగమ్మ బరువు

బయ్యన్నకు చిన్ననాటి నుంచీ ఒక సందేహం ఉంది. అమ్మవారి పీటకు ఆ గుంట ఎందుకు?

తెడ్లపాలెంలో ఏ దోనె చూసినా అణియం మీద, అంటే ముక్కు దగ్గర, ఒక అడ్డపీట ఉంటుంది. అది మడుగమ్మ తల్లి కూర్చునే చోటు. మనుషులెవరూ దాని మీద కూర్చోరు. కాలు పెట్టరు. తడి వల కూడా ఆనించరు. ప్రయాణానికి ముందు దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక పువ్వు ఉంచి దణ్ణం పెడతారు. ఆ పీట నడుమ అరచేతి లోతున గుండ్రటి గుంట ఒకటి ఉంటుంది. కొత్త దోనె చెక్కే ప్రతి వడ్రంగీ ఆ గుంట తొలుస్తాడు. ఎందుకయ్యా అంటే, మా నాన్న తొలిచాడు కనుక అంటాడు.

చిన్నప్పుడు ఒకసారి బయ్యన్న తండ్రిని అడిగాడు. "నాన్నా, అమ్మ కూర్చుంటే దోనె ముందుకు వంగదేం? అమ్మకు బరువుండదా?"

తండ్రి మారయ్య చెంప మీద ఒకటిచ్చాడు. తరువాత తానే కొడుకు కళ్లు తుడిచి, "దేవతలకు బరువెక్కడిదిరా పిచ్చి నాయనా! పూర్వం అమ్మ కంటికి కనబడేదట. మన పాపాలు పండి కనబడటం మానేసిందట. జడల స్వామి వచ్చి మన తాతలకు చెప్పిన మాట ఇది. అడక్కూడదు" అన్నాడు.

బయ్యన్న మళ్లీ అడగలేదు. అడుగుదామన్నా ఆ తండ్రి ఎంతో కాలం మిగలలేదు. ఎదురుగాలిలో ఆయన దోనె ముక్కు పైకి లేచి, గిర్రున తిరిగి, అలకు అడ్డంపడి బోర్లాపడింది. కొన్నేళ్లకు అన్న కూడా అలాగే పోయాడు. ప్రతి ఆషాఢంలోనూ పాలెంలో ఏదో ఒక ఇంట దీపం ఆరేది. "అమ్మ అలిగింది" అనేవారు పెద్దలు. బయ్యన్న కూడా అందరితో పాటు లెంపలు వేసుకునేవాడు. దేవుడి ముందు దీపం పెట్టనిదే మెతుకు ముట్టని మనిషి అతను. అయినా పసుపు రాసే ప్రతి ఉదయం వేలు ఆ గుంటలోకి జారేది. వేలితో పాటు మనసూ జారేది. అలిగే తల్లి ప్రతిసారీ ఒకేలా ఎందుకు అలుగుతుంది?

కారుమడుగు పేరుకే మడుగు. తూర్పు ఒడ్డున నిలబడితే పడమటి ఒడ్డు కనబడదు. శీతకాలంలో దాని నీరు నెమలి మెడలా మెరుస్తుంది. తెల్ల కలువలు, ఎర్ర తామరలు, వాటి మధ్య ఒంటికాలిపై నిలిచిన కొంగలు చూస్తే దేవకన్యలు ఆరవేసిన పట్టుచీర అనిపిస్తుంది. ఆషాఢం అడుగుపెట్టగానే ఆ చీరను ఎవరో గుంజుకుపోతారు. పడమటి గాలి కొండల మీది నుంచి దొర్లివస్తుంది. నీరు కాటుక రంగుకు తిరుగుతుంది. నీటికోళ్లు రెల్లులో దూరి గొంతు మెదపవు. ఆ నల్లటి నీటి నడుమ, చచ్చిన ఏనుగు వీపులా, గూబదిబ్బ కనబడుతుంది. దాని గుహలో కాలజంఘుడనే మాంత్రికుడు ఉంటాడని తెలియనివాడు మంజీరపుర రాజ్యంలో లేడు. వాణ్ణి చూసివచ్చినవాడూ లేడు.

ఆ ఆషాఢ అమావాస్య నాడు, పొద్దు నడినెత్తి దాటిన వేళ, ఒక ముసలమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని బయ్యన్న గుడిసె ముందుకు వచ్చింది. గోడకు ఆనించి ఉన్న తెడ్డును చూడగానే గంప దించి, దాని మెడకు చుట్టిన రాగితీగను వేళ్లతో తడిమింది.

"ఈ తీగ చుట్టింది మా ఆయన. నువ్వు మారయ్య కొడుకువేనా?"

"అవునవ్వా. నువ్వెవరు?"

"నన్ను సింగారవ్వ అంటారు. మీ నాన్న నాకొక దాటు బాకీ ఉన్నాడు."

బయ్యన్న భార్య మల్లక్క పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. "దాటు బాకీ ఏమిటవ్వా? చేపల బాకీ విన్నాం, చోళ్ల బాకీ విన్నాం!"

ముసలమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ఆమె చేపలమ్ముకునే మనిషి కాదు. మంజీరపురం యువరాజు ధవళకేతుకు పాలిచ్చి పెంచిన దాది. యువరాజు పసికందుగా ఉండి జబ్బుపడినప్పుడు, గూబదిబ్బ అంచున ఉన్న మడుగమ్మ పాతగుడికి వస్తానని మొక్కుకుంది. పోయిన భర్త టేకు తెడ్డును మారయ్య చేతిలో పెట్టి దాటించమంది. గాలి వెనక్కి నెట్టేసింది. "తెడ్డు తీసుకున్నాను గనక నీకొక దాటు బాకీ అమ్మా. రేపు గాలి చూసివచ్చి దాటిస్తాను" అన్నాడు మారయ్య. ఆ రేపు ఆయన గాలి చూడటానికి వెళ్లాడు. తెడ్డు ఒక్కటే తిరిగి ఒడ్డుకు వచ్చింది.

"ఇప్పుడా బిడ్డే ఆ దిబ్బ మీద ఉన్నాడు. అంజనం వేయిస్తే తెలిసింది" అంది సింగారవ్వ. "జడలు పెంచిన స్వామి వేషంలో వచ్చి ఎత్తుకుపోయాడు ఆ కాలజంఘుడు. మెదడు మీద మసి పూశాడు. తన పేరు తనకు తెలియదట. మేకపిల్లలా మెడలో దండ వేయించుకుని కూర్చున్నాడట. ఈ పూట దీపాలు పెట్టే వేళకు కంకాళికి బలి. రాజుగారు పంపిన పడవలు చెక్కలై తిరిగొచ్చాయి." నడుము దగ్గరి ముడిలోంచి ఒక వెండి తాయెత్తు తీసింది. "ఇందులో వాడి బొడ్డుతాడు ఉంది. ఇది తెగి జారిననాడే వాణ్ణి పట్టుకోగలిగాడు. మళ్లీ నా చేత్తో కట్టానంటే వాడికి అన్నీ గుర్తొస్తాయి. కత్తి పట్టడం వాడికి నేను నేర్పక్కర్లేదు."

బయ్యన్న తెడ్డు వైపు చూశాడు. దాన్ని పట్టుకునే ఇంతకాలం తాను అన్నం తిన్నాడు.

"ఆషాఢంలో అత్తారి గడప అల్లుడే దాటడు, నువ్వు మడుగు దాటుతావా?" అంది మల్లక్క. "వెళ్లు. మీ నాన్న పక్కన ఇంకా చోటుందిలే!"

అనేసి నాలుక కరుచుకుంది. లోపలికి వెళ్లి, నీళ్లు తోడిపోసే సొరకాయ బుర్ర తెచ్చి భర్త చేతిలో పెట్టింది. "దీన్ని తిరిగి తీసుకురా. ఇలాంటి కాయ మళ్లీ ఎండాలంటే ఏడాది పడుతుంది" అంది, మొహం పక్కకు తిప్పుకుని.

ఒడ్డు వెంట రెల్లు దుబ్బుల చాటున దోనె సాగింది. రెల్లు గాలిని విరుస్తుంది కనుక అక్కడ నీరు కాస్త నెమ్మది. బయ్యన్న వెనక, అమరం దగ్గర, మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేస్తున్నాడు. సింగారవ్వ నడుమ కూర్చుంది. ముందున్న పీట మీద మందారం ఒక్కటే ఉంది.

"గాలి వచ్చినప్పుడు లేవకు అవ్వా. కూర్చున్నవాడికి ఒక గండం, నిలబడ్డవాడికి రెండు అంటారు మావాళ్లు" అన్నాడు బయ్యన్న.

ఇంతలో నెత్తి మీద నీడ పడింది. మేకపోతంత గద్ద ఒకటి రెక్కలు ముడిచి సరాసరి అమ్మవారి పీట మీద వాలింది. మందారం దాని గోళ్ల కింద నలిగింది. బయ్యన్న తెడ్డు పైకెత్తబోయాడు. సింగారవ్వ అతని మోకాలు గిల్లింది.

"ముసలిదానా, ఎక్కడికి?" అంది గద్ద మనిషి గొంతుతో.

"మా అన్న కూతురి పురిటికి నాయనా. తిను, ఎండు పరిగెలు. ఈ కాలంలో నీకు మాత్రం ఎవరు పెడతారు?"

గద్ద తీరిగ్గా తినసాగింది. రెల్లు పలచబడుతోంది. సందుల్లోంచి గాలి ఈటెల్లా వస్తోంది. అలాంటి చోట బయ్యన్న ఎప్పుడూ దోనెను సరిచేసుకుంటూ నానా తిప్పలు పడేవాడు. ఈసారి తిప్పలు లేవు. దోనె ముక్కు నీటిని కోసుకుంటూ, గీత గీసినట్టు సూటిగా వెళుతోంది. అతనికి ఆశ్చర్యం వేసింది. ఆలోచించే వ్యవధి లేదు.

"రెల్లు దాటితే చస్తారు. చచ్చాక మీ కళ్లు నావి" అని గద్ద మూతి తుడుచుకుని ఎగిరిపోయింది. అది లేచీ లేవగానే దోనె ముక్కు పైకి లేచి పక్కకు వాలింది.

రెల్లు అయిపోయింది. ఎదుట నల్లటి నీరు, దాని మీద గాలి!

అది మామూలు గాలి కాదు. వేయి ఎద్దులు ఒక్కసారి రంకె వేసినట్టు వచ్చి పడింది. అలలు మిద్దెలంత లేచాయి. బయ్యన్న తెడ్డును పైకెత్తకుండా, పొట్టిపొట్టి పట్లతో, అలను కాస్త ఏటవాలుగా తీసుకుంటూ తోశాడు. ఒక అల ఎక్కారు. రెండో అల దిగారు. మూడో అల మీద ఖాళీ ముక్కు గాలికి దొరికిపోయింది. గాలి దాన్ని జుట్టు పట్టుకున్నట్టు పట్టుకుని గిర్రున తిప్పింది. దోనె అలకు అడ్డంపడింది. నడుముల దాకా నీళ్లు! సింగారవ్వ బుర్రతో తోడిపోస్తోంది. మళ్లీ ముక్కు ఎదురు తిప్పాడు. మళ్లీ తిరిగిపోయింది. తండ్రి ఆఖరి క్షణాలు తన ఒంటి మీద జరుగుతున్నట్టు అనిపించింది బయ్యన్నకు.

"నేను ముందుకు జరగనా?" అని అరిచింది ముసలమ్మ.

"వద్దు! అది అమ్మ చోటు!"

గాలి వాళ్లను పక్కకు ఈడ్చుకుపోయింది. నీళ్లలోంచి నల్లగా రాతితిప్ప ఒకటి తేలింది. బయ్యన్న దాన్ని గుర్తుపట్టాడు. అది గుండ్లతిప్ప. దాని మీద కాలుపెడితే కళ్లు పోతాయని జడల స్వామి కట్టడి. తాతల నాటి నుంచీ ఎవరూ ఆ దరిదాపులకు పోలేదు. కానీ దాని అవతలి పక్కన గాలి చాటు ఉంది. చాటు లేకపోతే ప్రాణం లేదు.

కళ్లు గట్టిగా మూసుకుని దోనెను తిప్ప చాటుకు లాగాడు. కళ్లు మూసుకునే దిగాడు. తాడు కట్టడానికి చేతులతో రాళ్లు తడుముతున్నాడు. ఒక గుండ్రాయి చేతికి తగిలింది. పాకుడు పట్టి చల్లగా ఉంది. వేళ్లు దాని మీద పాకాయి. రెండు కళ్లు. ఒక ముక్కు. ముక్కుకు అడ్డబాస. వేళ్లు కిందికి జారాయి. రాయి అడుగు గుండ్రంగా, పోతపోసినట్టు నున్నగా ఉంది. దాని చుట్టుకొలత అతని వేళ్లకు తెలుసు. ప్రతి ఉదయం పసుపు రాసిన గుంట అది.

బయ్యన్న కళ్లు తెరిచాడు. కళ్లు పోలేదు.

తిప్ప నిండా అలాంటి రాళ్లే. అన్నీ అమ్మ ముఖాలే. కొన్ని బోర్లా, కొన్ని వెల్లకిలా, పిట్టల రెట్టలు పడి, బూజుపట్టి గుట్టగా పడి ఉన్నాయి. పాలెంలో ఎన్ని ఇళ్లో అన్ని రాళ్లు. అంతకంటే ఎక్కువే. ఆరిపోయిన ఇళ్లవి కూడా ఉన్నాయి కదా.

"అవ్వా" అన్నాడు. "అమ్మ కనబడకపోవడం కాదవ్వా. అమ్మను ఎత్తుకొచ్చి ఇక్కడ పారేశారు."

సింగారవ్వ రాళ్ల వంక చూసింది. పీట వంక చూసింది. "జడల స్వామి" అంది మెల్లగా. "మా చిన్నదొరను ఎత్తుకుపోయినవాడే. అప్పుడూ అదే వేషం. రాయి ఉన్నన్నాళ్లూ మీ దోనెలు దిబ్బ దాకా వస్తుండేవి. అది వాడికి కంటకం. రాయి తీసేసి, పీట ఉంచి, దణ్ణం పెట్టుకోమన్నాడు."

బయ్యన్నకు గద్ద గుర్తొచ్చింది. అది కూర్చున్నంతసేపూ దోనె సూటిగా వెళ్లడం గుర్తొచ్చింది. బరువు ముందుంటే గాలికి ముక్కు దొరకదు. ఇంతేనా? ఇంతేనా నాన్నా? ఏడవడానికి కూడా వేళ లేదు. పొద్దు వాలుతోంది. రాళ్లలో ఒకదాన్ని రొమ్ముకు హత్తుకుని ఎత్తాడు. పెద్ద దూడంత బరువుంది. తెచ్చి పీట మీద దించాడు. టక్కున గుంటలో కూర్చుంది. దోనె ముక్కు ముందుకు వంగింది, చాలాకాలం తరువాత ఇంటికి వచ్చిన పెద్దదిక్కుకు తల వంచినట్టు.

"అమ్మకు బరువుందవ్వా" అన్నాడు బయ్యన్న.

మళ్లీ గాలిలోకి దూకారు. అదే గాలి, అవే అలలు. కానీ ఇప్పుడు ముక్కు నీటిని కరిచిపట్టుకుంది. అల వచ్చి అమ్మ ముఖాన్ని కడిగి, రెండుగా చీలి పక్కలకు పోతోంది. చేతులు పడిపోతున్నా తెడ్డు ఆపలేదు బయ్యన్న. ఎదురుగాలిలో తెడ్డు ఆపితే వచ్చిన దారంతా గాలి తిరిగి లాక్కుంటుంది. గూబదిబ్బ దగ్గరయింది. దాని మీద మోడుచెట్లు, వాటికి వేలాడే గబ్బిలాలు, గుహ నోట ఎర్రటి వెలుగు కనబడుతున్నాయి. డప్పు మోగడం మొదలైంది.

ఆకాశంలో తిరుగుతున్న గద్ద కిందికి చూసి కెవ్వుమంది. "రాయి లేచింది! స్వామీ, రాయి లేచింది!"

దిబ్బ కొమ్మున కాలజంఘుడు ప్రత్యక్షమయ్యాడు. కాలిన తాటిమానుల్లాంటి పిక్కలు, మోకాళ్ల దాకా వేలాడే జడలు, మెడలో పుర్రెల దండ. వాడు గాలిని చూశాడు, దోనెను చూశాడు, పళ్లికిలించాడు. చంకలోంచి ఒక నల్లశంఖం తీసి ఊదాడు.

గాలి ఆగిపోయింది. ఒక్క క్షణం మడుగంతా ఊపిరి బిగబట్టింది. మరుక్షణం తూర్పు నుంచి, వెనక నుంచి, అంతకు రెట్టింపు గాలి విరుచుకుపడింది! ఇంతసేపూ కాపాడిన బరువే ఇప్పుడు మృత్యువయింది. వెనక అల తోసేసరికి బరువైన ముక్కు ముందరి అలలోకి గుచ్చుకుంది. నీళ్లు అణియం మీదుగా లోపలికి దూకాయి. వెనకభాగం పైకి లేచి పక్కకు కొరుగుతోంది.

"ఏమైంది అబ్బాయ్?"

"గాలి వెనక్కి మారింది. బరువు వెనక్కి రావాలి. అమ్మను..." బయ్యన్న ఆగిపోయాడు. అమరం దగ్గరంటే తన కాళ్ల దగ్గర. చేపల నీళ్లు, బురద, తన మోకాళ్లు ఉన్నచోట. "అమ్మను నా కాళ్ల దగ్గర ఎలా పెట్టనవ్వా? ఇంతకాలానికి ఇప్పుడే కూర్చుంది!"

"ఓరి పిచ్చివాడా! బిడ్డ నడక నేర్చేటప్పుడు తల్లి ముందుండి చేతులు చాస్తుంది. పరుగెత్తేటప్పుడు వెనక ఉంటుంది. ఎంతమందిని పెంచాను, నాకు తెలియదా? లాగు!"

సింగారవ్వ పాకుతూ వెళ్లి రాయిని గుంటలోంచి పెకలించింది. ఆ ముసలి చేతుల్లోకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో! దోనె అడుగున నీళ్లలో దొర్లించింది. బయ్యన్న ఒక చేత్తో తెడ్డును చుక్కానిలా బిగించి పట్టి, రెండో చేత్తో రాయిని తన తొడల మధ్యకు లాక్కున్నాడు. "తప్పు కాయి తల్లీ" అన్నాడు. ముక్కు పైకి తేలింది. వెనకభాగం నీటిలో కుదురుకుంది. మాంత్రికుడు ఏ గాలితో ముంచాలనుకున్నాడో ఆ గాలే ఇప్పుడు దోనెను వీపు మీద చరిచి దిబ్బ వైపు విసిరింది. దోనె అల కొన ఎక్కి బాణంలా దూసుకుపోయింది. గద్ద వాళ్ల మీదికి దూకింది. సింగారవ్వ చేపల గంప దాని తలకు బోర్లించింది. అది గంపతో సహా నీళ్లలో పడి కేకలు వేస్తూ వెనకబడిపోయింది.

చరచరమంటూ దోనె అడుగు ఇసుకను రాసుకుని ఆగింది.

గూబదిబ్బ ఒడ్డున మనుషుల అడుగుజాడలు లేవు. విరిగిన తెడ్లు, పాత దోనెల చెక్కలు, ఎండిపోయిన తాళ్లు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిలో ఏవి తన తండ్రివో, ఏవి అన్నవో బయ్యన్న వెతకలేదు. పడమట చివరి ఎరుపు ఆరిపోతోంది. గుహలో డప్పు జోరందుకుంది. మాంత్రికుడి శిష్యులు, మేకపిల్లకు పోసినట్టు, యువరాజు నెత్తిన పసుపునీళ్లు పోస్తున్న చప్పుడు కూడా వినబడుతోంది. కొమ్ము మీది మాంత్రికుడు జడలు విదిలించుకుంటూ మెట్లు దిగి వస్తున్నాడు.

సింగారవ్వ తాయెత్తును పిడికిట్లో బిగించి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, దోనె అంచు పట్టుకుని ఇసుకలోకి ఒక కాలు వేసింది. తరువాత రెండోది. నాలుగు అడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగింది.

"నీ తెడ్డు నీదే ఇక. మీ నాన్నతో చెప్పు."

ఆమె చీకట్లోకి, డప్పు వైపు పరుగెత్తింది.

బయ్యన్న తెడ్డును చంకలో పెట్టుకుని, మడుగమ్మను మళ్లీ రెండు చేతులా ఎత్తి, అణియం మీద ఆమె గుంటలో కూర్చోబెట్టాడు. తడిసిన ముఖాన్ని పైపంచెతో తుడిచాడు. నల్లటి నీటి వైపు తిరిగి, ఆ గాలిలో వినబడేటంత గట్టిగా అన్నాడు.

"నాన్నా, అవ్వ దిగింది."

తెడ్డును భుజాన గదలా ఎత్తుకుని ఆమె వెనకే పరుగెత్తాడు.